రైలు పాయింట్లలాంటి స్విచ్‌లు: చిప్‌లో గెయిన్, నాయిస్ లెక్కించేదెలా?

ఖరగ్‌పూర్ అనగానే మనవాళ్లకు రైల్వే గుర్తొస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. అదే ఊళ్లో 1951లో మొదలైన ఐఐటీలో చిప్‌ల డిజైన్‌ కోసం అడ్వాన్స్‌డ్ వీఎల్‌ఎస్‌ఐ డిజైన్ లాబొరేటరీ ఉంది. ఇలాంటి ల్యాబ్‌ల్లో అనలాగ్ డిజైన్ నేర్చుకునేవారికి ఎదురయ్యే ఒక చిక్కును రైల్వే యార్డు ఉదాహరణతోనే తేలిగ్గా చెప్పుకోవచ్చు.

అసలేమిటీ సర్క్యూట్?

చిప్ మీద కచ్చితమైన రెసిస్టర్ తయారు చేయడం కష్టం. రెండు కెపాసిటర్ల నిష్పత్తిని మాత్రం చాలా కచ్చితంగా సాధించవచ్చు. అందుకే స్విచ్డ్ కెపాసిటర్ యాంప్లిఫయర్. మొదటి దశలో ఇన్‌పుట్ వోల్టేజీ 4 పీకోఫారడ్ల కెపాసిటర్‌లో ఛార్జిగా నిలుస్తుంది. రెండో దశలో ఆ ఛార్జి 0.5 పీకోఫారడ్ కెపాసిటర్‌కు మారుతుంది. గెయిన్ 8 రెట్లు.

రెండు దశల స్విచ్‌లూ ఒకేసారి ఆన్ అయితే ఛార్జి పోతుంది. అడ్డొచ్చే రెండు మార్గాలకు ఇంటర్‌లాకింగ్ ఒకేసారి సిగ్నల్ ఇవ్వనట్టే, ఇక్కడా రెండు క్లాక్‌ల మధ్య కాస్త ఎడం ఉంచుతారు.

సిమ్యులేషన్ ఎక్కడ తప్పుతుంది?

సర్క్యూట్లను కంప్యూటర్‌లో పరీక్షించే స్పైస్ 1973లో బర్క్‌లీలో పుట్టింది. అందులోని ఏసీ, నాయిస్ విశ్లేషణలు సర్క్యూట్ ఒకే స్థితిలో నిలిచి ఉందనుకుని లెక్కిస్తాయి. పాయింట్లు ఒకవైపే ఉన్న ఫొటో చూసి యార్డులో రోజంతా నడిచే రైళ్లను లెక్కగట్టడం లాంటిదది. స్విచ్‌లు ఆ క్షణాన ఎలా ఉంటే అలాంటి జవాబే వస్తుంది. ఎర్రర్ మెసేజ్ రాదు కాబట్టి తప్పని తెలియదు.

సరైన దారి వేరు. ముందు క్లాక్‌తో పాటు పదేపదే తిరిగే స్థితిని పట్టుకోవాలి. దీన్ని పీరియాడిక్ స్టెడీ స్టేట్ విశ్లేషణ అంటారు. దాని మీదే గెయిన్, నాయిస్ లెక్కించాలి. స్పెక్టర్ ఆర్‌ఎఫ్ వంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లలో ఈ సౌకర్యం ఉంది. ఉచితంగా దొరికే ఎన్‌జీస్పైస్‌లో అయితే రెసిస్టర్ల చోట ట్రాన్సియెంట్ నాయిస్ సోర్సులు పెట్టి, వేల క్లాక్‌లు నడిపి, ప్రతి దశ చివరి విలువను తీసుకుని వాటి చెదురుదనాన్ని కొలవాలి. ఐఐటీ బాంబే రూపొందించిన ఈసిమ్ కూడా ఎన్‌జీస్పైస్‌నే వాడుతుంది.

చేత్తో సరిచూసుకోవడం

స్విచ్ ఆఫ్ అయిన క్షణంలో కెపాసిటర్ మీదున్న నాయిస్ అక్కడే గడ్డకడుతుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లోని నాయిస్ కూడా మడతపడి మన సంకేతం మీదికి వస్తుంది. దాని మొత్తం స్విచ్ రెసిస్టెన్స్ మీద ఆధారపడదు. ఉష్ణోగ్రత, కెపాసిటర్ పరిమాణమే తేలుస్తాయి. 300 కెల్విన్ల దగ్గర 1 పీకోఫారడ్‌కు 64 మైక్రోవోల్టులు, 4 పీకోఫారడ్లకు 32. సగం చేయాలంటే కెపాసిటర్‌ను 4 రెట్లు పెంచాలి. అప్పుడు చిప్ మీద స్థలం, కరెంటు రెండూ పెరుగుతాయి.

గెయిన్ కూడా సరిగ్గా 8 రాదు. లోపలి ఆప్‌యాంప్ గెయిన్ 1000 అయితే 7.93 దగ్గర ఆగుతుంది.

మెదడు సంకేతాలు (ఈఈజీ) పదుల మైక్రోవోల్టులే. 32 మైక్రోవోల్టుల నాయిస్ వాటిని ముంచేయగలదు. ఫ్యాబ్‌కు పంపిన చిప్ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. తప్పు అప్పుడు బయటపడితే చేసేదేమీ ఉండదు. అందుకే ముందుగా ఒక్క స్విచ్, ఒక్క కెపాసిటర్‌తో సిమ్యులేషన్ నడిపి, 1 పీకోఫారడ్‌కు 64 మైక్రోవోల్టులు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే తప్పు సర్క్యూట్‌లో కాదు, సిమ్యులేషన్ సెట్టింగుల్లో వెతకాలి.