అవుట్‌బోర్డ్ బోటు ఇంజను: హ్యాండిల్, గేరు, యాక్సిలరేటర్ వాడకం, నిర్వహణ

తీర గ్రామాల్లో ఫైబర్ బోట్లపై వేటకు వెళ్ళే చిన్న మత్స్యకారులు చాలామంది బోటు వెనుక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజను వాడుతున్నారు. ఈ బోట్లకు వేరే చుక్కాని ఉండదు. హ్యాండిల్‌తో ఇంజనును తిప్పితేనే బోటు తిరుగుతుంది. హ్యాండిల్ బిగుసుకుపోయినా, గేరు పడకపోయినా బోటు మన అదుపులో ఉండదు. ప్రశాంతమైన నీటిలో ఇలా జరిగితే లంగరు వేసి సరిచేసుకోవచ్చు. మొగ దాటేటప్పుడు, కెరటాలు విరిగే చోట జరిగితే బోటు అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది. అందుకే ఈ భాగాలను ఒడ్డు మీదే పరీక్షించుకోవాలి.

ఇంజను ఆపే తాడు

ఇంజను ముందు భాగంలో లేదా హ్యాండిల్ మీద ఎర్రని స్విచ్, దానికి క్లిప్పుతో కూడిన తాడు ఉంటాయి. తాడు రెండో కొసను ఇంజను నడిపే వ్యక్తి మణికట్టుకు గాని, లైఫ్ జాకెట్‌కు గాని తగిలించుకోవాలి. మనిషి నీటిలో పడితే క్లిప్పు ఊడి ఇంజను వెంటనే ఆగిపోతుంది. తాడు లేకుంటే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగి వచ్చి, పడిన మనిషికే ఫ్యాను తగలవచ్చు.

- రోజూ ఇంజను స్టార్ట్ చేశాక ఒకసారి తాడు లాగి చూడండి. ఇంజను ఆగకపోతే వేటకు వెళ్ళవద్దు.
- క్లిప్పు పోయిందని స్విచ్‌ను తీగతో కట్టి నడపరాదు.
- అదనపు క్లిప్పు ఒకటి బోటులోనే ఉంచండి. నడిపే వ్యక్తి పడిపోతే, మిగిలినవారు ఇంజను స్టార్ట్ చేసి అతన్ని రక్షించడానికి అది అవసరం.

హ్యాండిల్ వాడకం

హ్యాండిల్‌ను ఎడమకు నెడితే బోటు కుడికి, కుడికి నెడితే ఎడమకు తిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ముందుగా కాలువలోనో, కెరటాలు లేని చోటో సాధన చేయాలి. వేగంగా వెళ్తున్నప్పుడు హ్యాండిల్‌ను ఒక్కసారిగా పక్కకు తిప్పరాదు. నిలబడి నడపరాదు.

గేరు మార్చే పద్ధతి

- ఇంజనును ఎప్పుడూ న్యూట్రల్‌లోనే స్టార్ట్ చేయాలి. చాలా ఇంజన్లు గేరులో ఉంటే స్టార్ట్ కావు. అలాంటి ఇంజను గేరులో కూడా స్టార్ట్ అవుతుంటే లోపం ఉన్నట్టే. మెకానిక్‌కు చూపించండి.
- గేరు మార్చే ముందు యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించండి. తర్వాత గేరును ఒకే ఊపులో వేయండి. మెల్లమెల్లగా నెడితే లోపలి పళ్ళు ఒరుసుకుని అరిగిపోతాయి.
- ముందు గేరు నుంచి వెనుక గేరుకు మారేటప్పుడు న్యూట్రల్‌లో కాసేపు ఆగండి. బోటు వేగం తగ్గాకే వెనుక గేరు వేయండి.
- వెనుక గేరులో ఇంజను పైకి లేస్తుంటే, దాన్ని పట్టి ఉంచే లాక్ పడటం లేదని అర్థం.

యాక్సిలరేటర్

చెయ్యి నొప్పి పుట్టకుండా యాక్సిలరేటర్‌ను ఒకే చోట నిలిపే స్క్రూ కొన్ని ఇంజన్లకు ఉంటుంది. దాన్ని మరీ బిగిస్తే అవసరమైన క్షణంలో వేగం తగ్గదు. మొగ దాటేటప్పుడు స్క్రూ వదులుగానే ఉంచండి. పూర్తి వేగంలో ఉన్నప్పుడు యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా మూసేస్తే వెనుక వచ్చే అల బోటులోకి ఎక్కుతుంది. క్రమంగా తగ్గించండి.

వేట నుంచి వచ్చాక

ఈ భాగాలకు పెద్ద శత్రువు ఉప్పు. ఇంజనును బయటి నుంచి మంచినీటితో కడగండి. తర్వాత నీరు పీల్చే రంధ్రాలు మునిగేలా మంచినీటి డ్రమ్ములో ఉంచి, న్యూట్రల్‌లో, తక్కువ వేగంతో 5 నుంచి 10 నిమిషాలు నడపండి. ఆ సమయంలో ఫ్యాను దగ్గర చేతులు పెట్టరాదు. పక్క నుంచి నీటి ధార వస్తోందో లేదో గమనించండి. రాకపోతే వెంటనే ఆపేయండి. నీరు లేకుండా ఇంజను నడిపితే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కొద్దిసేపట్లోనే పాడవుతుంది.

నెలకోసారి చూడవలసినవి

- హ్యాండిల్ కీలుకు, ఇంజను తిరిగే బ్రాకెట్‌కు నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు పెట్టండి. గట్టిపడిన పాత గ్రీజు బయటకు వచ్చేవరకు కొత్తది ఎక్కించండి.
- యాక్సిలరేటర్, గేరు కేబుళ్ళలో ఒక్క పోగు తెగినా కేబుల్ మార్చండి. తుప్పు పట్టిన కేబుల్ ముందుగా బిగుసుకుని, తర్వాత తెగుతుంది.
- ఇంజనును బోటుకు పట్టి ఉంచే స్క్రూలు బిగించండి. ఇంజనుకు, బోటుకు కలిపి గట్టి తాడు కట్టండి.
- గేరు ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే సీలు నుంచి నీరు చేరుతోందని అర్థం. సీలు మార్పించండి.
- స్టీరింగ్ చక్రం ఉన్న బోట్లలో, కేబుల్ కడ్డీని పూర్తిగా గొట్టం లోపలికి లాగిన తర్వాతే గ్రీజు ఎక్కించాలి. కడ్డీ బయట ఉండగా ఎక్కిస్తే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలం పెద్ద మరమ్మతులకు అనువైన సమయం. కేబుళ్ళు, ఇంపెల్లర్, సీళ్ళు అప్పుడే మార్పించుకోండి.

బోటు నెట్టే ముందు

ఒడ్డున హ్యాండిల్‌ను రెండు వైపులా చివరివరకు తిప్పండి. యాక్సిలరేటర్ తెరిచి మూయండి. బోటు నీటిలో దిగాక, కెరటాల్లోకి వెళ్ళకముందే ఇంజను స్టార్ట్ చేసి ముందు, వెనుక గేర్లు పడుతున్నాయో చూసి, తాడు లాగి ఇంజను ఆపండి. ఇందులో ఏ ఒక్కటి సరిగా లేకున్నా ఆ రోజు వేట మానుకోవడమే మంచిది. లైఫ్ జాకెట్, తెడ్లు, లంగరు, పానా, స్క్రూడ్రైవర్ బోటులో ఉంచుకోండి. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం టోల్‌ఫ్రీ నంబరు 1554కు ఫోన్ చేయండి.