‘రెయిన్’ అనే ఆంగ్ల పదం

ఆంగ్లంలో ‘రెయిన్’ అని ఒకే విధంగా పలికే పదాలు మూడున్నాయి. ఒకటి వాన, రెండవది గుర్రపు పగ్గం, మూడవది రాజులకు సంబంధించినది. చెవికి మూడూ ఒక్కటే, భేదమంతా అక్షరక్రమంలోనే. మూడవదానిలో పలుకని ‘జి’ అక్షరం ఒకటి ఉంది. అది లాటిను భాషలోని ‘రెగ్నుం’ నుండి సంక్రమించినది. ఆ భాషలో రాజును ‘రెక్స్’ అంటారు. అది సంస్కృత ‘రాజన్’ శబ్దానికి జ్ఞాతి.

అనువాద ప్రశ్నలో ఈ పదం ఎదురుకాగానే విద్యార్థులు ‘పరిపాలన’ అని వ్రాసివేస్తారు. పలుచోట్ల అది చెల్లుతుంది, అన్నిచోట్లా చెల్లదు. రాజు సింహాసనంపై ఉన్న కాలమే ‘రెయిన్’. అధికారం ఎవరు నడిపారన్నది వేరు ప్రశ్న. ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ 1952 నుండి 2022 వరకు సింహాసనంపై ఉన్నారు. దేశాన్ని పాలించినవారు మాత్రం పార్లమెంటుకు జవాబుదారులైన మంత్రులు.

అంత దూరమెందుకు? మీర్ మహబూబ్ అలీఖాన్ 1869లో హైదరాబాదు గద్దె నెక్కినప్పుడు ఆయనకు మూడేండ్లయినా నిండలేదు. రాజ్యభారం వహించినవారు దివాను మొదటి సాలార్ జంగ్, ఆయనతోబాటు షమ్సుల్ ఉమరా. నిజాముకు పూర్ణాధికారాలు లభించింది 1884లో. ఈ నడుమ 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ‘ఆయన రెయిన్‌లో రైలు వచ్చింది’ అన్న ఆంగ్లవాక్యం నిర్దుష్టమే. దానినే ‘ఆయన పరిపాలించి రైలు తెప్పించారు’ అని తెలిగిస్తే, దివాను చేసిన పనిని ఎనిమిదేండ్ల బాలునికి అంటగట్టినట్లవుతుంది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న దోషం కాదు.

ఇట్టిచోట మన జనుల నోటనున్న ‘హయాం’ ఎంతో చక్కగా ఒదుగుతుంది. రోజులు అని అర్థమిచ్చే అరబ్బీ ‘అయ్యాం’ ఉర్దూ ద్వారా వచ్చి తెలుగులో ఇట్లా స్థిరపడింది. నిజాం హయాం అంటే నిజాం రోజులు. ఎవరు ఏలారన్న తగవులోకి ఆ మాట పోదు. పండితులు దీనిని గ్రామ్యమని పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు.

రాజు లేనిచోట కూడ ఈ పదం వాడబడుతుంది. ఫ్రాన్సులో 1793 జనవరిలో రాజును వధించిన తరువాత సాగిన హింసాకాండకు ఆంగ్లేయులు పెట్టిన పేరులో ఏలినది భయమే. సభలో నిశ్శబ్దం రాజ్యమేలిందని మనమూ అంటాము కదా.

చివరగా ఒక హెచ్చరిక. పూర్తి స్వేచ్ఛ నివ్వడమనే అర్థంలో ‘ఫ్రీ రెయిన్’ అని వ్రాసేటప్పుడు ‘జి’ చేర్చరాదు. ఆంగ్ల పత్రికలు సైతం అక్కడ పొరబడుతుంటాయి. అక్కడ ఉన్నది రాజు కాదు, గుర్రం. వదలినది దాని పగ్గం.