బొటనవేళ్లతో కుస్తీ

1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో ఆర్ట్ జిమర్సన్ అనే బాక్సర్ ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని ఎనిమిది పలకల జాలీ బోనులోకి దిగాడు. ఎదురుగా బ్రెజిల్ నుంచి వచ్చిన బక్కపలచటి మనిషి రాయిస్ గ్రేసీ. బాక్సర్ చెయ్యి ఆడేలోపే గ్రేసీ అతన్ని కింద పడేసి ఛాతీ మీద ఎక్కి కూర్చున్నాడు. మెడ నొక్కలేదు, చెయ్యి మెలిపెట్టలేదు. అయినా కింద ఇరుక్కుపోయిన జిమర్సన్ తనంతట తానే నేలను తట్టి ఓటమి ఒప్పేసుకున్నాడు. గుద్దులూ కుస్తీ పట్లూ రెండూ చెల్లే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో, యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) మొట్టమొదటి పోటీల రాత్రి అది. ఆ రాత్రి మూడు పోరాటాలు గెలిచి, విజేతగా నిలిచింది గ్రేసీయే.

దీన్ని వీడియో గేమ్‌గా చెయ్యాలంటే ఎలా? గుద్దు చూపించడం పెద్ద పని కాదు. బటన్ నొక్కితే చెయ్యి లేస్తుంది, తగిలితే అవతలివాడి బలం తగ్గుతుంది. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చేనాటికే ఆ విద్యలో తయారీదారులు ఆరితేరిపోయారు. కానీ ఛాతీ మీద కూర్చున్న మనిషి బరువుకు ఏ బటన్ పెడతారు? మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆటలు పాతికేళ్లుగా కుస్తీ పడుతున్నది ఈ ప్రశ్నతోనే. వాటి గొప్పతనమంతా నిలబడి కొట్టుకునేటప్పుడు కనిపిస్తుంది. లోపాలు నేల మీద పడ్డాక బయటపడతాయి.

యూఎఫ్‌సీ పేరుతో తొలి ఆట 2000 సంవత్సరంలో సెగా కంపెనీ గేమ్ యంత్రం డ్రీమ్‌కాస్ట్ మీద వచ్చింది. తయారు చేసింది జపాన్‌కు చెందిన యాంకర్ సంస్థ. అప్పటికి అసలు క్రీడకే దిక్కులేదు. సెనేటర్ జాన్ మెకెయిన్ దాన్ని మనుషుల కోడిపందెమని తిట్టిపోశాడు, పలు రాష్ట్రాలు నిషేధించాయి, కేబుల్ సంస్థలు ప్రసారం ఆపేశాయి. 2001 జనవరిలో యూఎఫ్‌సీ మొత్తం 20 లక్షల డాలర్లకే చేతులు మారిందంటే దాని దశ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆట మాత్రం ఒక మంచి సంగతి పట్టుకుంది. బలం ఇంకా మిగిలి ఉన్నా సరిగ్గా తగిలిన ఒక్క దెబ్బతో కథ ముగిసిపోయే అవకాశం పెట్టింది. ఆడేవాడిలో ఆ భయం ఉంటేనే పోరాటం నిజమనిపిస్తుంది.

అసలు మలుపు 2009 మేలో. కుస్తీ వినోదమైన డబ్ల్యూడబ్ల్యూఈ ఆటలు ఏళ్ల తరబడి చేసిన జపాన్ సంస్థ యూక్స్, అమెరికా ప్రచురణ సంస్థ టీహెచ్‌క్యూ కలిసి ‘యూఎఫ్‌సీ 2009 అన్‌డిస్ప్యూటెడ్’ విడుదల చేశాయి. కొద్ది నెలల్లోనే పది లక్షలకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఇందులో నేలమీది పోరాటానికి కంట్రోలర్ మీది కుడి స్టిక్‌ను కేటాయించారు. స్టిక్‌ను అర్ధచంద్రాకారంగా తిప్పితే పైనున్నవాడు ప్రత్యర్థి కాళ్ల మధ్యనుంచి ఒక కాలు దాటుతాడు, మళ్లీ తిప్పితే పక్కకు వస్తాడు, ఇంకోసారి తిప్పితే ఛాతీ మీదకెక్కుతాడు. కింద ఉన్నవాడు సరైన క్షణంలో అడ్డుకుంటే వచ్చిన దారినే వెనక్కి.

కంప్యూటర్ లోపల ఇదంతా వైకుంఠపాళి. ఒక్కో భంగిమ ఒక్కో గడి. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లేందుకు ముందే గీసిపెట్టిన దారులుంటాయి, దారి మధ్యలో ఆగడానికి వీల్లేదు. నిజమైన మల్లయోధుడు బతికేదంతా ఆ మధ్యలోనే. మోకాలిని అంగుళం జరపడం, తుంటి బరువును కొంచెం ఎడమకు మార్చడం, ప్రత్యర్థి ఊపిరి వదిలేదాకా కాచుకుని ఉండడం అతని విద్య. అది ఏ గడిలోనూ పట్టదు.

ఎందుకు పట్టదన్నదానికి కారణం చిత్రీకరణలోనే ఉంది. ఆటగాళ్ల కదలికలను నమోదు చెయ్యడానికి ఒంటికి గుర్తులు అంటించి చుట్టూ కెమెరాలు పెడతారు. ఒక మనిషి గాలిలో గుద్దితే ప్రతి గుర్తూ కనిపిస్తుంది. ఇద్దరు పెనవేసుకుని దొర్లితే సగం గుర్తులు ఒంటి కింద దాగిపోతాయి. పైగా యూఎఫ్‌సీలో పోరాడినవాళ్లలో ఏడడుగుల స్టెఫాన్ స్ట్రూవ్ ఉన్నాడు, అయిదడుగుల మూడంగుళాల డెమెట్రియస్ జాన్సన్ ఉన్నాడు. ఒక కొలత మనుషులతో తీసిన పట్టును మరో కొలత దేహాలకు తొడిగితే మోచెయ్యి మెడకు ఆనకుండా గాల్లో తేలుతుంది, లేదా భుజంలోంచి దూసుకుపోతుంది. లెక్కలు కట్టి కీళ్లను సర్దుతారు కానీ అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

మెడ బిగించే పట్టు, చెయ్యి విరిచే పట్టు వచ్చేసరికి ఇబ్బంది రెట్టింపు. 2012 ఫిబ్రవరిలో వచ్చిన ‘యూఎఫ్‌సీ అన్‌డిస్ప్యూటెడ్ 3’ దీనికో ఉపాయం కనిపెట్టింది. పట్టు పడగానే తెర మీద ఎనిమిది పలకల చట్రం ఒకటి వెలుగుతుంది. అందులో రెండు రంగుల పట్టీలు, ఒకటి దాడి చేసేవాడిది, ఇంకొకటి తప్పించుకునేవాడిది. ఇద్దరూ స్టిక్ తిప్పుతూ ఒకరి పట్టీని మరొకరు తరుముతారు. దాడి పట్టీ రెండోదాన్ని కప్పి కాసేపు నిలిస్తే పని అయిపోయినట్టే. అలసిపోయినవాడి పట్టీ నెమ్మదిస్తుంది కాబట్టి ముందు రౌండ్లలో వృథాగా కొట్టిన గుద్దులన్నిటికీ ఇక్కడ లెక్క తేలుతుంది. చక్కని ఆలోచన. కాకపోతే పోరాటం తారస్థాయికి చేరిన ఆ క్షణంలో ఆడేవాడు మనుషులను చూడడు, చట్రాన్ని చూస్తాడు.

ఈలోగా వ్యాపారం గోదాలోనూ పట్లు మారాయి. 2010లో ఈఏ స్పోర్ట్స్ సంస్థ యూఎఫ్‌సీ ప్రత్యర్థి స్ట్రైక్‌ఫోర్స్‌తో చేతులు కలిపి సొంత ఆట తెచ్చింది. దీని మీద యూఎఫ్‌సీ అధ్యక్షుడు డానా వైట్ బహిరంగంగానే మండిపడ్డాడు, ఆ ఆటలో కనిపించే పోరాటగాళ్లకు తన దగ్గర చోటుండదని హెచ్చరించాడు. రెండేళ్లు తిరిగేసరికి, 2012 జూన్‌లో, అదే వైట్ ఈఏ వేదికెక్కి ఒప్పందం ప్రకటించాడు. ఆ డిసెంబరులో టీహెచ్‌క్యూ దివాలా తీసింది.

కెనడాలోని ఈఏ బృందం నిలబడి కొట్టుకునే భాగాన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. 2014లో తొలి ఆట, 2016లో రెండోది, 2018లో మూడోది, 2020లో నాలుగోది, 2023 అక్టోబరులో అయిదోది వచ్చాయి. రెండో ఆట నాటికి స్పృహ తప్పి పడిపోవడం ముందే గీసిన బొమ్మగా కాక, దెబ్బ దిశను, వేగాన్ని బట్టి అప్పటికప్పుడు లెక్కగట్టే పతనంగా మారింది. మూడో ఆటలో అడుగు వెయ్యడం, గుద్దడం, తల వంచడం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అయిదో ఆటలో కంటి దగ్గర గాయం ముదిరితే వైద్యుడు వచ్చి పోటీ ఆపేస్తాడు.

ఇక్కడ కాలం లెక్క ఒకటి చూడాలి. సెకనుకు 60 చిత్రాలు మారే ఆటలో ఒక్కో చిత్రం నిలిచేది దాదాపు 17 మిల్లీసెకన్లు. మనిషి కన్ను చూసి, వేలు కదలడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 చిత్రాలు. అంతకంటే త్వరగా వచ్చే గుద్దును చూసి ఆపడం అసాధ్యం, ముందే పసిగట్టాలి. అందుకే మంచి ఆటగాళ్లు దూరం కొలుస్తారు, ఉత్తుత్తి గుద్దు చూపించి అవతలివాడి చేతులు కిందకు లాగుతారు, గురి తప్పిన ప్రతి గుద్దూ దమ్ము తినేస్తుందని గుర్తుపెట్టుకుంటారు. నిజం బాక్సర్ చేసేదీ అదే. ఈ ఆటల అసలు బలం ముఖాల పోలికల కంటే ఈ లెక్కలోనే ఉంది. ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు 100 మిల్లీసెకన్ల జాప్యం వచ్చిందంటే మరో ఆరు చిత్రాలు చేజారినట్టే. అప్పుడు నేర్పు కంటే లైను గొప్పదవుతుంది.

నిజజీవితంలో జరగని పోటీలు జరిపించడం ఇంకో ఆకర్షణ. 1973లోనే కన్నుమూసిన బ్రూస్ లీ 2014 ఆటలో బోనులోకి దిగాడు. ఏనాడూ యూఎఫ్‌సీలో పోటీపడని మైక్ టైసన్ రెండో ఆటలో ఉన్నాడు. ‘లైగర్’ సినిమాలో విజయ్ దేవరకొండతో తలపడగా తెలుగువాళ్లు చూసిన టైసన్ అంతకు ఆరేళ్ల ముందే ఇలా తెరమీది పోరాటగాడయ్యాడు.

డబ్బు యావ వేరే తలనొప్పి. మూడో ఆటలో ఒక విభాగంలో డబ్బు పెట్టి కొన్న పెట్టెల్లో ఏ బలాలు దొరికితే వాటితో పోరాటగాణ్ని తయారుచేసుకోవచ్చని తేలడంతో విమర్శలు చెలరేగాయి. 2020 సెప్టెంబరులో నాలుగో ఆట మధ్యలో, దెబ్బలు మళ్లీ చూపించే చోట, ‘ది బాయ్స్’ అనే వెబ్ సిరీస్ ప్రకటన తెరంతా ప్రత్యక్షమైంది. పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు ఊరుకుంటారా? గొడవ ముదిరాక ఈఏ ఆ ప్రకటనలు తీసేసింది.

నేలమీది చిక్కు మాత్రం ఇంకా పూర్తిగా వీడలేదు. నాలుగో ఆట కొత్తవాళ్ల కోసం పనిని తేలిక చేసి, లేవాలా, కొట్టాలా, పట్టు పట్టాలా అన్నది మాత్రం ఎంచుకోమంది. అయిదో ఆట పట్టు పడ్డప్పుడు తెర మీద వెలిగే చట్రాలను తీసేసి, పట్టు బిగిసేకొద్దీ దేహాల కదలికే దారులుగా చీలేలా మార్చింది. చూపు మళ్లీ మనుషుల మీదకు వచ్చింది, కానీ స్టిక్ తిప్పి తిప్పి బొటనవేలు నొప్పెట్టే ఆ శ్రమ పోయింది. అవతలివాడు ఎటు వెళ్తాడో ఊహించడమే మిగిలింది. 2012 నుంచి యూఎఫ్‌సీ హక్కులు ఒకే సంస్థ చేతిలో ఉండడంతో ఈ రెండు పద్ధతులూ బజారులో ఎదురెదురుగా పోటీ పడిందే లేదు. ఇంట్లో పోల్చి చూద్దామన్నా, ప్లేస్టేషన్ 3 కోసం చేసిన ‘అన్‌డిస్ప్యూటెడ్ 3’ డిస్క్ ప్లేస్టేషన్ 5లో నడవదు. ఏది మేలో తేల్చుకోవాలంటే టీవీ కింద రెండు యంత్రాలూ పెట్టుకోవాల్సిందే.