రాత వేరు, రూపు వేరు

మొన్న ఫోనులో ఒక తెలుగు వార్త తెరిచాను. శీర్షికలో 'రాష్ట్రం' అన్న మాట ఉంది. ష కింద ఉండాల్సిన ట వత్తు నడిమికి తెగిపోయింది. ర వత్తు ఆనవాలే లేదు. వార్త రాసినవారి తప్పేమీ లేదు, ఫాంటు తప్పూ కాదు. ఆ శీర్షిక కూర్చున్న పెట్టె ఎత్తు ఇంతే ఉండాలని ఎవరో బిగించేశారు. ఇంగ్లిషు అక్షరాలకు సరిపడా కొలిచి బిగించిన ఎత్తు అది. కింద వేలాడే వత్తులకు అందులో చోటు లేదు.

దిద్దడానికి ఒక్క వాక్యం మారిస్తే చాలు. ఆ వాక్యం వార్తలో ఉండదు, రూపం ఎలా ఉండాలో చెప్పే స్టైల్ షీట్‌లో ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు చోట్ల ఎందుకున్నాయో, వాటిని అలా వేరు చేయడానికి ఎంతమంది ఎన్నేళ్లు పాటుపడ్డారో తెలిస్తే అందమైన వెబ్‌సైటు అంటే ఏమిటో తేటపడుతుంది.

పత్రికాఫీసు సంగతే తీసుకోండి. విలేకరి మేటర్ పంపుతారు. ఇది హెడ్డింగ్, ఇది బాక్స్ ఐటమ్ అని చెబుతారు. హెడ్డింగ్ ఎన్ని పాయింట్లలో ఉండాలో, వార్తను ఎన్ని కాలమ్‌లలో పరవాలో రాయరు. అది పేజీ పెట్టేవారి పని. జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌ల వార్త మెయిన్ పేపర్లో సింగిల్ కాలమ్ కావచ్చు. మేటర్ మాత్రం అదే.

వెబ్ కూడా ఈ పద్ధతిలోనే పుట్టింది. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ దాన్ని ప్రతిపాదించారు. ఆయన రూపొందించిన హెచ్‌టీఎంఎల్ భాషలోని ట్యాగులు ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది లంకె అని మాత్రమే చెప్పేవి. రూపు ఎలా ఉండాలన్నది చదివే యంత్రానికి వదిలేశారు. శాస్త్రవేత్తలు ఒకరి పత్రాలు ఒకరు చదువుకోవడానికి అది చాలు.

వ్యాపారాలు, పత్రికలు వెబ్‌లోకి అడుగుపెట్టాక అది చాల్లేదు. మా పేజీకి మా రంగు కావాలి, మా అక్షరం కావాలి, ఎడమపక్క పట్టీ కావాలి అన్నారు. కోరికలో తప్పు లేదు. తీర్చిన పద్ధతిలోనే ఉంది చిక్కంతా. నెట్‌స్కేప్ వంటి బ్రౌజర్లు ఫాంట్ అనే ట్యాగును తెచ్చాయి. ప్రతి శీర్షిక చుట్టూ, ప్రతి పేరా చుట్టూ రంగూ సైజూ రాయడం మొదలైంది. అంకెలు పట్టికలుగా చూపడానికి పుట్టిన టేబుల్ ట్యాగును పేజీ మొత్తానికి చట్రంగా వాడారు. గడిలో గడి, దానిలో మరో గడి. గడుల మధ్య ఖాళీ కోసం కంటికి కనిపించని ఒక్క పిక్సెల్ బొమ్మను సాగదీసి పెట్టేవారు. చూపు ఉన్నవాళ్లకు ఆ పేజీలు ముచ్చటగానే ఉండేవి. స్క్రీన్ రీడర్ మీద ఆధారపడే అంధ పాఠకులకు మాత్రం ఆ యంత్రం గడి తర్వాత గడి చదువుకుంటూ పోయేది. వార్త మొదలయ్యేలోపు మెనూలు, ప్రకటనలు అన్నీ వినాల్సి వచ్చేది. రెండొందల పేజీల సైటులో శీర్షిక రంగు మార్చాలంటే రెండొందల పేజీలూ తెరిచి దిద్దాలి.

ఈ చిక్కుముడి బిగుసుకుంటున్న రోజుల్లోనే, 1994 అక్టోబరు 10న, సెర్న్‌లో పనిచేస్తున్న హోకన్ వియుమ్ లీ అనే నార్వే యువకుడు ఒక ప్రతిపాదన విడుదల చేశారు. రూపానికి సంబంధించిన ఆజ్ఞలన్నీ పేజీలోంచి తీసి వేరే కాగితం మీద పెడదాం అన్నది దాని సారం. అప్పటికే ఆర్గో అనే బ్రౌజర్ కోసం ఇలాంటి పనే చేస్తున్న నెదర్లాండ్స్ దేశీయుడు బెర్ట్ బోస్ ఆయనతో చేయి కలిపారు. ఆ కాగితానికి స్థిరపడిన పేరు కాస్కేడింగ్ స్టైల్ షీట్స్, పొట్టిగా సీఎస్ఎస్. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 1996 డిసెంబరు 17న దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది.

సీఎస్ఎస్ వాక్యంలో మూడే సంగతులుంటాయి: ఎవరికి, ఏది, ఎంత. రెండో స్థాయి శీర్షికలకు రంగు ముదురు ఎరుపు. పేరాలకు వరసల మధ్య ఎడం ఒకటీ ముప్పావు. అంతే. ఆ వాక్యాన్ని ఒకచోట రాస్తే సైటులోని ప్రతి పేజీ పాటిస్తుంది.

అయితే నా దృష్టిలో ఈ భాష గొప్పతనం ఆ సదుపాయంలో లేదు. పేరులోని మొదటి మాటలో ఉంది. కాస్కేడ్ అంటే మెట్లు మెట్లుగా దూకే నీటిపాయ. ఒక పేజీ రూపం మీద ముగ్గురికి మాట ఉంటుంది. బ్రౌజరుకు తనదైన మామూలు పద్ధతి ఒకటుంది. పేజీ తయారుచేసినవారికి తమ ఇష్టం ఉంటుంది. చదివే మనిషికి తన అవసరం ఉంటుంది. ఈ మూడు పాయలూ కలిసి దిగేటప్పుడు ఎవరి మాట చెల్లాలన్నదే కాస్కేడ్. హోకన్ లీ తొలి ప్రతిపాదనలో దీనికోసం ఒక ముచ్చటైన ఏర్పాటు చేశారు. పెద్ద శీర్షిక 24 పాయింట్లు, ఈ విషయంలో నా పట్టు నూటికి నూరు. దాని కింది శీర్షిక 20 పాయింట్లు, ఇక్కడ నా పట్టు నలభై పాళ్లే అని రాసుకోవచ్చు. మిగతా పాళ్లు ఇతరులకు వదిలినట్టు. ఆ పాళ్ల లెక్క తర్వాత నిలవలేదు కానీ దాని వెనకున్న ఆలోచన నిలిచింది. 1996 నాటి మొదటి ప్రమాణంలో ఇద్దరూ గట్టిగా పట్టుబడితే పేజీ చేసినవారి మాటే నెగ్గేది. 1998లో వచ్చిన రెండో ప్రమాణం దాన్ని తిరగేసింది. చూపు మందగించిన మనిషి నాకు పెద్ద అక్షరాలే కావాలని గట్టిగా చెబితే, పేజీ చేసినవారు కాదనడానికి లేదు. అచ్చు పుస్తకం తన పాఠకుడికి ఎన్నడూ ఇవ్వలేకపోయిన హక్కు ఇది.

కాగితం మీద ప్రమాణం ఉంటే చాలదు, బ్రౌజర్లు పాటించాలి. ఇక్కడే చాలా ఏళ్లు వృథా అయ్యాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్ 1996లోనే సీఎస్ఎస్‌కు తలుపు తీసింది, కానీ సగం సగంగా. ఒక పెట్టె వెడల్పు 300 పిక్సెల్స్ అనుకోండి. లోపల అటూ ఇటూ 20 చొప్పున ఖాళీ, అంచు గీత ఒక్కో పక్క 5. ప్రమాణం ప్రకారం 300 అన్నది లోపలి రాతకే చెందుతుంది, కాబట్టి పెట్టె మొత్తం 350 అవుతుంది. ఎక్స్‌ప్లోరర్ అయిదో వెర్షన్ మాత్రం విండోస్ మీద ఖాళీనీ గీతనూ ఆ 300లోనే కలిపేసి రాతకు 250 మిగిల్చేది. ఒకే కోడ్ ఒక బ్రౌజర్లో కుదురుగా, మరోదాంట్లో చిందరవందరగా కనిపించేది. ఒక్కో బ్రౌజరుకు ఒక్కో సైటు తయారుచేసినవారున్నారు.

ఈ పరిస్థితి మీద డిజైనర్లే తిరగబడ్డారు. 1998లో జెఫ్రీ జెల్డ్‌మన్, జార్జ్ ఓల్సెన్, గ్లెన్ డేవిస్ తదితరులు వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అనే బృందంగా ఏర్పడి, ఒప్పుకున్న ప్రమాణాన్ని పాటించండి అని బ్రౌజర్ కంపెనీలను నిలదీశారు. 2000లో మాకింటాష్ కోసం వచ్చిన ఎక్స్‌ప్లోరర్ అయిదో వెర్షన్‌లో టాంటెక్ చెలిక్ బృందం మొదటి ప్రమాణాన్ని దాదాపు సంపూర్ణంగా పాటించి చూపింది. పేజీ మొదటి వరసలో ఫలానా ప్రమాణం ప్రకారం రాశాను అన్న ప్రకటన ఉంటే నియమం ప్రకారం, లేకపోతే పాత అలవాటు ప్రకారం చూపించే ఉపాయం కూడా అందులోనే మొదలైంది. ఆ ఉపాయం నేటికీ ప్రతి బ్రౌజర్లో ఉంది. పెట్టె కొలతల తగువు కూడా చివరికి చక్కబడింది. ఏ లెక్క కావాలో పేజీ చేసేవారే ఎంచుకునే వీలు ఇప్పుడు సీఎస్ఎస్‌లోనే ఉంది. నిజానికి పాత ఎక్స్‌ప్లోరర్ లెక్కే సులువని చాలామంది దాన్నే వాడుతున్నారు. నియమం ఏదన్నది కాదు, అందరూ ఒకే నియమం పాటించడం ముఖ్యం.

అప్పటికీ ఒక అపనమ్మకం మిగిలింది. ప్రమాణాల ప్రకారం కడితే సైటు బోసిగా ఉంటుందని, అందం కావాలంటే పాత పట్టికలే గతి అని డిజైనర్లలో చాలామంది అనుకునేవారు. 2003 మేలో కెనడాకు చెందిన డేవ్ షే దీనికి సమాధానం వాదనతో చెప్పలేదు. సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటు పెట్టారు. అందులో రాత ఒకటే, హెచ్‌టీఎంఎల్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. స్టైల్ షీట్ మాత్రం ఎవరి ఇష్టం వారిది. ప్రపంచం నలుమూలల నుంచి డిజైనర్లు తమ స్టైల్ షీట్లు పంపారు. ఒకరి చేతిలో అది పూలతోట, మరొకరి చేతిలో పాతకాలపు పోస్టరు. చూసినవారికి ఇవన్నీ ఒకే పేజీ అంటే నమ్మకం కలిగేది కాదు. నియమానికి కట్టుబడితే అందం తరిగిపోతుందన్న మాట ఆ తోటతో చెల్లిపోయింది. ఛందస్సులో ఒదిగిన పద్యం ఎరిగిన మనకు ఇది వింతగా తోచనక్కర్లేదు.

ఆ తర్వాతి కథ వేగంగా నడిచింది. 2010లో ఈథన్ మార్కాట్ 'రెస్పాన్సివ్' అన్న పేరు పెట్టి, ఒకే పేజీ ఫోనులో ఒకలా, పెద్ద తెరమీద మరోలా సర్దుకునే తీరును వివరించారు. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ నెల తిరగకుండా గ్రిడ్ పద్ధతిని అందించాయి. పట్టికల సాయం లేకుండా పత్రిక పేజీలా అడ్డువరసలు, నిలువు కాలమ్‌లు నేరుగా గీసుకునే వీలు కలిగింది.

మన తెలుగు సంగతికి వస్తాను. రాతనూ రూపునూ కలిపేస్తే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఇంగ్లిషు పాఠకులకు తెలియదు. ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. లోపల దాచింది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తుల ముక్కలు కూర్చిన బొమ్మలు. ఆ ఫాంటు దింపుకోకపోతే తెరమీద అర్థంలేని గుర్తులు కనిపించేవి. వెతికితే దొరికేవి కావు. అంటే అక్కడ రాత అనేదే లేదు, రూపు మాత్రమే ఉంది. ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు ఎంతోమందికి ఆసరా అయింది. తర్వాత ఫాంటును పేజీతో పాటే పంపే సీఎస్ఎస్ నియమం స్థిరపడి, దానికోసం వాఫ్ (WOFF) అనే తేలికైన ఫాంటు ఫైళ్లు వచ్చాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, సురవరం, గిడుగు, రామభద్ర వంటి ఫాంట్లు నేడు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇప్పుడు లోపలిది అసలైన తెలుగు రాత. తొడిగే అక్షరం మన ఇష్టం.

అయినా మన సైట్లలో చాలావాటికి రూపం ఇంకా ఇంగ్లిషు కొలతలతోనే కుట్టి ఉంది. వాలు అక్షరాలే చూడండి. నొక్కి చెప్పాల్సిన మాటను ఇంగ్లిషులో ఇటాలిక్‌లో పెడతారు. తెలుగు అచ్చులో ఆ ఆనవాయితీ లేదు. ఫాంటులో వాలు రూపం లేకపోతే బ్రౌజరే అక్షరాన్ని పక్కకు నెట్టేస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లోని ఎమ్ ట్యాగు ఈ మాటను నొక్కి చెప్పు అని మాత్రమే అంటుంది, వాల్చమని అనదు. తెలుగు పేజీలో దాన్ని ముదురుగానో మరో రంగులోనో చూపించమని స్టైల్ షీట్‌లో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. పేజీ భాష తెలుగు అని ముందే ప్రకటించి ఉండాలి, అప్పుడే ఆ వాక్యానికి తెలుగు ఏదో తెలుస్తుంది. ఆ ప్రకటనే స్క్రీన్ రీడరుకూ తెలుగు గొంతు ఎంచుకునే ఆధారం అవుతుంది.

పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేసే నియమం ఒకటుంది. 'స్త్రీ'తో మొదలయ్యే పేరాలో మొదటి అక్షరం ఏది? మనకు అది మొత్తం ఒకే అక్షరం. యూనికోడ్ లోపల అవి ఆరు సంకేతాలు, ఎంతవరకు పెంచాలో బ్రౌజరు సరిగ్గా పట్టుకోవాలి. జాబితాల వరస సంఖ్యలను ౧, ౨, ౩ అని తెలుగు అంకెల్లో చూపే ఏర్పాటు కూడా సీఎస్ఎస్‌లో ఉంది. భాష పేరు telugu అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే చాలు. వాడినవారు అరుదు.

తెలుగు సైట్లు కట్టేవారికి నాదొక మనవి. మీ పేజీ శీర్షికలో ఒకసారి 'రాష్ట్రం' అని రాసి చూడండి. వరసల ఎడం ఇంగ్లిషుకు పెట్టినదానికంటే పెంచండి. పెట్టెలకు ఎత్తు బిగించకండి, లోపలి అక్షరాన్ని బట్టి అది పెరగనివ్వండి. సైజులు పిక్సెల్స్‌లో కాక పాఠకుడి అక్షరాన్ని బట్టి మారే కొలతల్లో ఇవ్వండి. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం నాలుగున్నరకు ఒకటి నిష్పత్తిలో ఉండాలని, అక్షరాన్ని రెండింతలు పెంచినా ఏదీ తెగకూడదని డబ్ల్యూ3సీ సౌలభ్య ప్రమాణం చెబుతోంది. అదే సంస్థ వ్యాలిడేటర్లు మీ హెచ్‌టీఎంఎల్‌నూ సీఎస్ఎస్‌నూ ఉచితంగా పరీక్షించి తప్పులు వరస నంబర్లతో చూపిస్తాయి. చివరగా ఆ పేజీని ఒక పాత ఫోనులో తెరిచి, అక్షరాలు రెండింతలు చేసి, ఇంట్లో కళ్లజోడు పెట్టుకునే పెద్దవారి చేతికివ్వండి. ట వత్తు, ర వత్తు రెండూ కనిపిస్తున్నాయో లేదో వారినే అడగండి.