మందుచీటీ ఇంటికి వచ్చిన పిదప

కోనసీమలోని ఒక లంక గ్రామమును ఊహించుకొందము. సాయంకాలపు చివరి పడవమీద ఒక తల్లి, ఆమె కుమారుడు, అతని మేనమామ రేవున దిగినారు. విశాఖపట్నమున పెద్దాసుపత్రినుండి వచ్చుచున్నారు. నెల దినముల క్రిందట రాత్రులు నిదుర లేక, ఎవరో తన్ను పేరుపెట్టి పిలుచుచున్నారని ఏటిగట్టున తిరుగాడిన ఆ కుర్రవాడు నేడు నెమ్మదిగా గట్టెక్కుచున్నాడు. మేనమామ చేతిసంచిలో మందుచీటీయు, నెలకు సరిపడు మాత్రలును ఉన్నవి. అవి అయిపోకముందే మరల తీసికొనిరావలెనని డాక్టరుగారు రెండుమార్లు చెప్పి పంపినారు.

నెల తిరిగినది. కుర్రవాడు బాగున్నాడు. "బాగున్నవాడికి మాత్రలెందుకే, మనిషి మగతగా పడుండడానికా?" అని అమ్మమ్మ అన్నది. ఆమె మాటలో తప్పు పట్టదగినదేమున్నది? జ్వరము తగ్గినవానికి మందు మాన్పించుటయే మనకు అలవాటైన పద్ధతి. పైగా రానుపోను 400 కిలోమీటర్లు దాటిన ప్రయాణము. మేనమామకు కొబ్బరి దింపుల రోజులు. వచ్చే నెల చూతమనుకొన్నారు. మూడవ నెలలో ఆ పిలుపులు మరల వినిపింపసాగినవి.

ఈ కుటుంబము కల్పితమే. కాని మనోవ్యాధులకు చికిత్స చేయువారిలో ఇట్టి కుటుంబమును ఎరుగనివారు లేరు. వైద్యుడు సరిగానే వ్రాసినాడు, తల్లి ప్రేమతోనే కనిపెట్టి చూచినది. చికిత్స చెడినది ఆసుపత్రిలో గాదు. రేవునకును ఇంటికిని నడుమ. ఆ నడుమ నిలువవలసిన మనిషిని గురించియే ఈ ప్రసంగము.

మనోవ్యాధులకిచ్చు మందుల తీరు తక్కిన మందుల తీరువంటిది కాదు. దిగులువ్యాధికి ఇచ్చు మాత్ర వేసికొన్ననాడే గుణమీయదు. రెండు వారములు, ఒక్కొక్కప్పుడు నాలుగు వారములు పట్టును. మందువలన కలుగు చికాకులు మాత్రము, నోరు ఎండుట, కడుపులో తిప్పుట, మగత, మొదటి దినములలోనే ముందుకు వచ్చును. అనగా కీడు ముందు కనబడి, మేలు వెనుక వచ్చునన్నమాట. లేని పిలుపులు వినబడు వ్యాధిలోనో, లక్షణములు పోయిన పిమ్మటను మందును నెలలకొలది, కొందరికి సంవత్సరములకొలది సాగింపవలెను. హఠాత్తుగా మానినచో వ్యాధి తిరుగబెట్టుట తరచు. లిథియము అను మందు వాడువారికి నియమముగా రక్తపరీక్షలు కావలెను. ఇదంతయు ఒక్క పర్యాయము, జనము క్రిక్కిరిసిన ఆసుపత్రి గదిలో, బెదరిన తల్లికి చెప్పినంతమాత్రమున ఇంటివరకు చేరునా?

పూర్వమీ ప్రశ్నయే పుట్టలేదు. పందొమ్మిదవ శతాబ్దమున విశాఖపట్నమున వెలసిన పిచ్చాసుపత్రియైనను, 1912 నాటి ఉన్మత్తుల చట్టమైనను, రోగిని ఊరినుండి వేరుచేసి ఉంచుటనే ముఖ్యముగా తలచినవి. ఊరిలో చికిత్స అను ఆలోచన మన దేశమున కార్యరూపము దాల్చుట 1975 ప్రాంతమున. బెంగుళూరు దగ్గర సకలవారలోను, హర్యానాలోని రాయపూర్ రాణీలోను తొలి ప్రయత్నములు జరిగినవి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము వచ్చెను. తెలుగు మాట ఇంటింట వినబడు బళ్ళారి జిల్లాలో 1985 మొదలుకొని బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు ఒక పద్ధతిని నడిపి చూచిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, ఆరోగ్య కార్యకర్తలకును కొద్దిపాటి శిక్షణ, ఎన్నదగినన్ని మందులు, సులువైన ఒక రికార్డు పుస్తకము; సామగ్రి యంతే. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము నాలుగు జిల్లాలలో మొదలైనది. అందొకటి నాటి ఆంధ్రప్రదేశములోని మెదకు.

ఇన్ని జరిగినను దూరము తరిగినదా అన్నచో, తరుగవలసినంత తరుగలేదనియే చెప్పవలెను. 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ సర్వేలో, పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మనోవ్యాధితో ఉన్నట్లు తేలినది. వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మందివరకు ఏ చికిత్సయు లేనివారే. ఆ 12లో మన రాష్ట్రము లేదు; అంతమాత్రమున మన పరిస్థితి మెరుగని ధైర్యపడుటకు వీలు లేదు.

ఇక గోదావరి దాటి ఆవలి యొడ్డునకు పోదము. వశిష్ఠకు అటు ప్రక్కనున్న నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థవారు 2014 తరువాత కొన్ని గ్రామములలో ఒక ప్రయోగము చేసిరి. దానికి స్మార్ట్ మెంటల్ హెల్త్ అని పేరు. ఊరి ఆశా కార్యకర్త చేతికి పలకవంటి ఒక చిన్న యంత్రము ఇచ్చినారు. ఆమె ఇంటింటికి పోయి కొన్ని ప్రశ్నలు అడుగును. నిదుర పట్టుచున్నదా, పనిమీద మనసు నిలుచుచున్నదా, ఊరక బెంగగా ఉండునా, బ్రతుకుమీద విసుగు పుట్టినదా? జవాబులనుబట్టి అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపును. అక్కడి వైద్యుడు మనోవ్యాధుల నిపుణుడు గాకున్నను, ఏమి చేయవలెనో అతని యంత్రము దారి చూపును. పిమ్మట ఎవరి ఇంటికి ముందుగా వెళ్ళవలెనో ఆశా కార్యకర్తకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో జాబితా కనబడును. మందు మరువవద్దని రోగులకు టెలిఫోనులో ముందుగా నింపియుంచిన మాటలు వినిపించును. రేడియో వినువారికి ఇందులో వింత లేదు. అయినవారి గొంతుకవలె పలుకు మాటకు ఎంత బలమున్నదో మనకు తెలిసినదే.

ఆ జిల్లా గిరిజన గ్రామములలో, సహాయము కావలసినవారిగా తేలిన వారిలో, అంతకుముందు వైద్యమునకు పోయినవారు నూటికి ఒక్కరైనను లేరు, 0.8 శాతము. ప్రయోగము ముగియునప్పటికి అది 12.6 శాతమైనది. పన్నెండే గదా అని పెదవి విరువవచ్చును. నడచివచ్చిన ఆ పన్నెండుగురిని నడిపించినది పెద్ద ఆసుపత్రి గాదు, ఊరి స్త్రీ యని గమనింపవలెను. అటుపిమ్మట 2020లో పశ్చిమ గోదావరిలోను, హర్యానాలోను కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో మరింత పెద్ద పరీక్ష జరిపిరి. సంవత్సరము తిరుగునప్పటికి ఈ పద్ధతి నడచిన ఊళ్ళలో దిగులువ్యాధి తీవ్రత తక్కిన ఊళ్ళకంటె తగ్గినట్లు 2024లో ప్రకటించిరి.

ఆశా కార్యకర్తకే ఇది ఎందుకు సాధ్యమైనదని యోచింపుడు. 2005లో ఏర్పడిన ఈ వ్యవస్థలో ఆమె పసిబిడ్డల టీకాలకు వచ్చును, చూలాలిని చూడవచ్చును. ఆమె గడప త్రొక్కినంతమాత్రమున "ఆ యింట ఏమైనది?" అని ప్రక్కింటివారు అడుగరు. పిచ్చి డాక్టరుగారి మనిషి అను పేరుతో ఒకరు వచ్చినచో ఆ వీధిలో సంబంధములు చెడునను భయము మన ఇండ్లలో నేటికిని ఉన్నది. రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి కువైటు మొదలైన దేశములకు ఇంటిపనులకు పోయి వచ్చు స్త్రీల సంగతి చూడుడు. తిరిగివచ్చిన ఇల్లాలు ఎవరితోను మాటాడక గదిలో కూర్చుండిపోయినచో, అక్కడ ఏమి జరిగినదో యని ఊరు కథలల్లును. ఆమె నోట దిగులను మాట రాదు. "ఒళ్ళంతా మంటలండి, నీరసమండి, గుండె దడండి" అనును. ఈ మాటల వెనుకనున్న మాటను వినగలుగుటయే కార్యకర్తకు నేర్పవలసిన మొదటి విద్య.

అయితే ఇందులోనే ఒక చిక్కున్నది. ఊరి స్త్రీ గనుకనే ఆమెను లోనికి రానిత్తురు. ఊరి స్త్రీ గనుకనే ఆమెతో చెప్పుటకు జంకుదురు. ఆమె ఒకరికి వదిన, మరొకరికి కోడలి పినతల్లి. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము రోగి సమాచారమును గోప్యముగా ఉంచవలెనని శాసించినది. కాని చట్టము పంచాయితీ కుళాయి దగ్గర కాపలా కాయలేదు. అందుచేత శిక్షణలో వ్యాధి లక్షణములకెంత కాలమిత్తురో, విన్నది ఎక్కడ చెప్పవలెను, ఎక్కడ చెప్పరాదు అనుదానికి అంత కాలమీయవలెనని నా అభిప్రాయము. వైద్యునితోను, తన పై సూపర్వైజరుతోను చెప్పవచ్చును, చెప్పవలెను కూడ. నెలకొకమారైన సిబ్బంది అందరును కూర్చుండి ఎవరు మందు మానినారు, ఎవరు ఊరు మారినారు, ఎవరి ఇంట కొత్తగా కష్టము వచ్చినది అని చెప్పుకొననిచో, ఒక్కొక్కరికి తెలిసినది ఒక్కొక్కరితోనే నిలిచిపోవును.

అట్లు నిలిచిపోవుటవలన కలుగు హాని కార్యకర్త మారినప్పుడు బయటపడును. బదిలీలు, ప్రసూతి సెలవులు, ఉద్యోగ విరమణలు ఆపగలిగినవి కావు. కాని మనసు విప్పి మాటాడుటకు ఆరు నెలలు పట్టిన మనిషికి, ఒకనాడు క్రొత్త ముఖము వాకిట నిలిచి పుస్తకములో పేరు చూచి పిలిచినచో ఏమనిపించును? మొదటినుండి మరల చెప్పుకొనవలెనా అనిపించును. చాలమంది చెప్పరు; తలుపు వేసికొందురు. పాత కార్యకర్త క్రొత్తామెను వెంటబెట్టుకొని ఒక్కసారి ఆ ఇంటికి పోయి, "పిన్నిగారూ, ఇకమీద ఈమె వస్తుందండి, అబ్బాయి సంగతి ఈమెకు చెప్పమంటారా?" అని అడిగిన చాలును. ఖర్చు ఒక పూట. ఏ పథకములోను ఈ పూటకు పద్దు కనబడదు.

అడుగు తీరును గూర్చి ఇంకొక మాట. "మందులు వేసుకుంటున్నాడా?" అని అడిగినచో మన కోనసీమలో వచ్చు జవాబు "ఆయ్" అనియే. మర్యాదకొరకు అను ఆ "ఆయ్"ను లెక్క వ్రాసికొని పోవుటకంటె, "మాత్రల షీటు ఒకసారి చూపించండి" అని అడుగుట మేలు. ఎన్ని గళ్ళు ఖాళీయైనవో చూచినచో చాలు, తగవు లేదు, అనుమానము లేదు. మానివేసినట్లు తేలినచో కోపపడక, ఏ చికాకువలన మానినాడో తెలిసికొని వైద్యునికి చెప్పవలెను. చాల సందర్భములలో మోతాదో, మందో మార్చుటకు వీలుండును.

ఇక ఇంటివారు కార్యకర్తను అడిగి రాబట్టుకొనవలసినవి కొన్ని యున్నవి. 2018లో అమలులోనికి వచ్చిన పై చట్టము ప్రకారము అత్యవసరమైన మనోవ్యాధుల మందులు సామాజిక ఆరోగ్య కేంద్రము మొదలు పై ప్రభుత్వాసుపత్రులన్నిటను ఉచితముగా దొరకవలెను. దొరకుటయు, దొరకవలెననుటయు ఒకటి కావు. అడుగువారున్నచోట త్వరగా దొరకును. రోగి తనకు ఏ చికిత్స కావలెనో, ఏది వలదో ఆరోగ్యముగా ఉన్నప్పుడే వ్రాసి పెట్టుకొనవచ్చును. తన తరపున మాటాడు ప్రతినిధిని తానే ఎన్నుకొనవచ్చును. ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్రమైన మనోవ్యథలో ఉండెనని చట్టము భావించును. అట్టివానిని శిక్షించుట గాక ఆదుకొనుట ప్రభుత్వ బాధ్యత. పోలీసు కేసు భయముతో ఆసుపత్రికి తీసికొనిపోక దాచువారికి ఈ సంగతి తప్పక తెలియవలెను. దీర్ఘకాలపు మనోవ్యాధి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో చేరినది. వైకల్యము 40 శాతమునకు తగ్గదని వైద్యులు ధ్రువపరచినచో సర్టిఫికెట్టు లభించును. న్యాయసహాయము కావలసినచో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా ఇచ్చును.

సంకెలల మాట కూడ చెప్పక తప్పదు. తమిళనాడులోని ఎరవాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ఆశ్రమపు పాక అంటుకొన్నది. గొలుసులతో కట్టియుంచిన రోగులు 28 మంది అందు మరణించిరి. వారిని అక్కడ విడిచినవారందరు కఠినాత్ములని నేననను. చికిత్స ఎక్కడనో తెలియక, తెలిసినను మోయలేక, దైవసన్నిధిని నమ్మినవారే వారిలో ఎక్కువమంది యని నా ఊహ. గుడికో, దర్గాకో పోవుటను ఎవరును కాదనరు. మాత్రల సంచి వెంట తీసికొని పోవచ్చును. కాని గొలుసు వేయుటను, బలవంతముగా గుండు చేయించుటను నేటి చట్టము నిషేధించినది.

1996 నవంబరు 6 నాటి తుపానును మన పెద్దలు మరువలేదు. భైరవపాలెము, బలుసుతిప్పలనుండి వేటకు పోయిన జాలరులు అనేకులు తిరిగి రాలేదు. దేహము దొరకని చావునకు ఏడ్చుట ఎంత కష్టమో ఆ ఇండ్లవారికి తెలియును. నష్టపరిహారపు లెక్కలలో కొబ్బరిచెట్లు పట్టును, వలలు పట్టును. తెల్లవారుజామున లేచి ఏటివైపు చూచుచు కూర్చుండు స్త్రీ పట్టదు. 2004 సునామీ తరువాత తమిళనాట కార్యకర్తలకు శిక్షణ నిచ్చి ఇంటింటికి పంపి, దుఃఖములో నున్నవారి మాట వినుట కూడ సహాయ కార్యక్రమములో చేర్చిరి. తుపాను దారిలో నున్న మన సీమకు ఆ విద్య ముందుగానే నేర్చియుంచదగినది.

మన లంక కుర్రవాని యింట ఇప్పుడేమి చేయవచ్చును? మాత్రలు అయిపోవుటకు వారము ముందు తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టి, ఆశా కార్యకర్తకును చెప్పవలెను. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో అవే మందులు దొరకునేమో ఆమెచేత అడిగించవలెను. దొరకినచో ప్రతి నెల విశాఖ ప్రయాణము తప్పును. నిదుర తగ్గుట, తనలో తాను మాటాడుకొనుట వంటి తొలి గుర్తులు ఇంటివారికే ముందు తెలియును గనుక వానిని ఒక కాగితముమీద వ్రాసియుంచుట మంచిది. అర్ధరాత్రి గుర్తులు కనబడి, పడవలు కట్టుబడియున్న వేళ, టెలిఫోనులో 14416 అను అంకెలు నొక్కవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి-మానస్ అను ప్రభుత్వ సహాయ కేంద్రమది. ఖర్చు లేదు, రేయింబవళ్ళు పనిచేయును. భాషలు వరుసగా చెప్పునప్పుడు తెలుగును ఎన్నుకొన్నచో, శిక్షణ పొందిన మనిషి పలుకును. రోగియే మాటాడవలెనని లేదు. తల్లి మాటాడవచ్చును, మేనమామ మాటాడవచ్చును.