సెటప్ ఫైలులో పరాయి సొత్తు

నాచారం పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీకి స్టాకు లెక్కలు చూసే ప్రోగ్రామ్ కావాలనుకుందాం. ఉప్పల్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న ఆఫీసు దాన్ని జావాలో రాసిస్తుంది. ఫ్యాక్టరీ కంప్యూటర్లలో జావా ఉంటుందో లేదో తెలియదు కనుక, జావా ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన రన్‌టైమ్‌ను కూడా సెటప్ ఫైలులోనే పెట్టేస్తారు. డబుల్ క్లిక్ చేస్తే చాలు, పని మొదలవుతుంది. అప్పటిదాకా రన్‌టైమ్‌ను వాడుకుంటున్న ఆ ఆఫీసు, ఆ సెటప్ ఫైలు గడప దాటగానే దాన్ని పంపిణీ చేస్తున్నట్టు లెక్క. వాడుకోవడానికి ఉన్న అనుమతి పంచిపెట్టడానికి సరిపోదు.

అమ్మిన కాపీ వేరు, అందులోని మేధోహక్కు వేరు. ఈ తేడా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు ముందు చర్చకు వచ్చింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల మధ్య అమ్మకపు పన్ను వివాదమది. ఒరాకిల్, లోటస్ వంటి ఇతరుల ప్యాకేజీలనూ టీసీఎస్ అమ్మేది. డిస్కులోకి ఎక్కించి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే, పన్ను కట్టాల్సిందేనని 2004 నవంబరు 5న తీర్పు వచ్చింది. అయితే సరుకు కొన్నంత మాత్రాన, దానికి మరిన్ని కాపీలు తీసి పంచే హక్కు కొన్నవారికి రాదు.

జావా సంగతి చూస్తే లైసెన్సు షరతులు ఎంత త్వరగా మారతాయో తెలుస్తుంది. జావా 8లో అప్‌డేట్ 202 వరకూ ఉన్న పాత లైసెన్సు ప్రకారం, రన్‌టైమ్‌ను మార్చకుండా, మొత్తంగా, సొంత ప్రోగ్రామ్‌లో భాగంగా ఇవ్వవచ్చు. 2019 ఏప్రిల్ 16న వచ్చిన అప్‌డేట్ 211 నుంచి జావా యజమాని ఒరాకిల్ లైసెన్సు మార్చేసింది. వ్యక్తిగత వాడకం, డెవలప్‌మెంట్ వంటివి ఉచితంగానే ఉన్నా మామూలు వ్యాపార వాడకానికి చందా కట్టాలి. 2021 సెప్టెంబరులో జావా 17 (జేడీకే 17)తో మళ్లీ ఉచితమన్నారు, పంపిణీకీ ఒప్పుకున్నారు. చాలామంది అక్కడితో చదవడం ఆపేశారు. ఆ అనుమతికి పెట్టిన షరతులో ఉంది అసలు మెలిక: రన్‌టైమ్‌ను కలిపిన ఉత్పత్తికి రుసుము తీసుకోకూడదు. అంటే ఫ్యాక్టరీకి బిల్లు వేసి అమ్మే ప్రోగ్రామ్‌కు ఆ దారి మూసుకుపోయినట్టే. చిన్న సంస్థలను ఇంత పెద్ద చిక్కులో పడేసే మాట అంత లోపల ఉండటం బాధాకరం.

తెరిచి ఉన్న దారి ఓపెన్‌జేడీకే. 2006 నవంబరులో అప్పటి జావా యజమాని సన్ మైక్రోసిస్టమ్స్ జావాను జీపీఎల్ అనే ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద విడుదల చేస్తామని ప్రకటించడంతో మొదలైన దారి ఇది. టెమురిన్, కొరెట్టో వంటివి దీని నుంచి వచ్చినవే. ఆ లైసెన్సుకు ‘క్లాస్‌పాత్ మినహాయింపు’ ఉంది కనుక సొంత కోడ్‌ను బయటపెట్టనక్కర్లేదు. రన్‌టైమ్ వరకు మాత్రం లైసెన్సు పాఠాన్ని జతచేయాలి. దాని సోర్స్ కోడ్ ఇవ్వాలి, లేదా అడిగినవారికి ఇస్తామని కనీసం 3 ఏళ్లకు రాతపూర్వక హామీ ఇవ్వాలి. కొత్త వెర్షన్ల రన్‌టైమ్ ఫోల్డర్‌లో ‘లీగల్’ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. సైజు తగ్గుతుందని దాన్ని తీసేయకూడదు.

మన దగ్గరున్నది ఏదో తెలుసుకోవడం తేలికే. కమాండ్ విండోలో జావా వెర్షన్ అడిగితే రెండో వరుసలో పేరు వస్తుంది. అక్కడ ‘ఓపెన్‌జేడీకే’ అనకుండా ‘జావా టీఎం ఎస్ఈ’ అని ఉంటే అది సాధారణంగా ఒరాకిల్ బిల్డే. వెంటనే దాని లైసెన్సు తీసి చదవాలి.

మైక్రోసాఫ్ట్ టూల్స్‌తో సీ ప్లస్ ప్లస్‌లో రాసేవారికి ఇంకో గుంట ఉంది. మైక్రోసాఫ్ట్ పంచడానికి అనుమతించిన ఫైళ్ల జాబితా వేరుగా ఉంటుంది. డెవలపర్ కంప్యూటర్‌లో ఉండే డీబగ్ డీఎల్ఎల్‌లు, అంటే పేరు చివర ‘డి’ చేరినవి, అందులో లేవు. హడావుడిలో డీబగ్ బిల్డ్‌నే ప్యాక్ చేస్తే ఆ ఫైళ్లు కూడా కస్టమర్ దగ్గరికి వెళ్లిపోతాయి.

1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం, ఇలా అనుమతి లేని పంపిణీతో కాపీరైట్‌ను తెలిసి ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఉల్లంఘించిన కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడేవారికి 63బి సెక్షన్ వేరే ఉంది. అందుకే కొటేషన్ తీసుకునేటప్పుడే ఏ రన్‌టైమ్, ఏ వెర్షన్, ఏ లైసెన్సు అని ఫ్యాక్టరీ యజమాని అడిగి రాయించుకోవాలి. ఆ మూడూ ఒకే కాగితం మీద పడితే ఇద్దరికీ పని సులువవుతుంది.