గంతులేయాల్సిన వయసు

ఆరో తరగతి పిల్ల బడి నుంచి రాగానే సంచి అరుగు మీద పడేసి వీధిలోకి పరుగెడుతుంది. తొక్కుడుబిళ్ల, ఖోఖో, తాడాట, ఏదో ఒకటి. చీకటిపడ్డాక అమ్మ రెండు కేకలేస్తే గానీ ఇంటికి రాదు. అదే పిల్ల తొమ్మిదో తరగతికొచ్చేసరికి వీధిలో కనిపించదు. ఈ మధ్యలో ఒకరోజు ఇంట్లో చాపేసి కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు, పేరంటం చేశారు. ఆ తర్వాత నుంచి ‘పెద్దమనిషివయ్యావు, ఇంకా ఆ గంతులేమిటే?’ అన్న మాట మొదలైంది. అనేది అమ్మమ్మే, మనవరాలి మీద ప్రేమతోనే.

ఎముకల సంగతి తెలిస్తే ఆ అమ్మమ్మే స్కిప్పింగ్ తాడు కొనిపెడుతుంది.

ఫిన్లాండ్ పరిశోధకులు 1995లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. టెన్నిస్, స్క్వాష్ ఆడే మహిళల్లో రాకెట్ పట్టే చేతి ఎముకను, పట్టని చేతి ఎముకను పోల్చి చూశారు. మనిషి ఒక్కరే, తిండీ ఒక్కటే. కాబట్టి రెండు చేతుల మధ్య అదనంగా కనిపించే తేడా ఆటదే. ఆడే చేతి ఎముక గట్టిపడిందని తేలింది. అసలు విశేషం అది కాదు. రజస్వల కాకముందో, ఆ సమయానికో ఆట మొదలుపెట్టినవాళ్లకు దక్కిన లాభం, ఆ తర్వాత మొదలుపెట్టినవాళ్లకు దక్కినదానికి దాదాపు రెండింతలు. అంటే మనం గంతులు మానమంటున్న వయసులోనే ఎముక గంతులు కోరుకుంటోంది.

దూకి నేల మీద దిగిన ప్రతిసారీ కాళ్ల ఎముకల మీద ఒంటి బరువుకు కొన్ని రెట్ల ఒత్తిడి పడుతుంది. ఎముకలోని కణాలు దాన్ని పసిగట్టి, అవసరమైన చోట కొత్త ఎముకను పేర్చుకుంటాయి. ఈత, సైకిలు గుండెకు ఎంతో మంచివి, కానీ ఈ దెబ్బ వాటిలో తగలదు. జీవితంలో ఎముకకు రాగల గరిష్ఠ గట్టిదనంలో 90 శాతం వరకు ఆడపిల్లల్లో 18 ఏళ్లకే, మగపిల్లల్లో 20 ఏళ్లకే సమకూరుతుంది. తర్వాత బతుకంతా ఆ నిల్వలోంచి ఖర్చు పెట్టుకోవడమే. బహిష్టులు ఆగిపోయాక ఆడవాళ్లలో ఆ ఖర్చు మరీ వేగంగా సాగుతుంది. బాత్రూములో జారిపడి తుంటి విరిగిన పెద్దావిడ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది.

ఆట తగ్గింది ఆడపిల్లలకే కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు చెమటపట్టేలా కదలాలని, వారానికి కనీసం మూడు రోజులు కండరాలు, ఎముకలు గట్టిపడే ఆటలు ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు తీసి 2019లో ప్రచురించారు. 11 నుంచి 17 ఏళ్ల బడిపిల్లల్లో నూటికి 81 మందికి ఆ గంట దక్కడం లేదు. మన దేశంలో సుమారు 74 మంది. మనవాళ్లు కాస్త నయంగా కనిపించడానికి కారణం ఏమై ఉండవచ్చో కూడా వాళ్లు రాశారు: మగపిల్లలకు వీధి క్రికెట్, ఆడపిల్లలకు ఇంటిచాకిరీ. ఆడపిల్ల అంట్లు తోమి, నీళ్లు మోసి సంపాదించిన అంకెను చూసి మురిసిపోలేం.

మనసు సంగతీ ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో 4,257 మంది పిల్లలకు 12, 14, 16 ఏళ్ల వయసుల్లో కదలికలను కొలిచే చిన్న యంత్రం కట్టి చూశారు. కూర్చుని గడిపే సమయం 12 ఏళ్లప్పుడు రోజుకు ఏడు గంటల పైచిలుకు. 16 ఏళ్లకు అది ఎనిమిదిన్నర గంటలు దాటింది. 12 ఏళ్లప్పుడు రోజూ గంటసేపు అదనంగా నడక, చిన్నాచితకా పనుల్లాంటి తేలికపాటి కదలిక ఉన్నవాళ్లలో, 18 ఏళ్లకు కుంగుబాటు లక్షణాల స్కోరు దాదాపు 10 శాతం తక్కువగా ఉంది. ఆటే మందని దీని అర్థం కాదు. కుంగుబాటుకు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ మన ఇంటర్ పిల్లలు పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఎన్ని గంటలు బల్లకు అతుక్కుని ఉంటారో ఒక్కసారి లెక్కేసి చూడాలి.

‘మార్కులు పోవా?’ అంటారు. కెనడాలోని క్యూబెక్‌లో 1970లలో ప్రాథమిక బడిపిల్లలకు చదువు సమయం కొంత తగ్గించి, రోజూ ఒక గంట వ్యాయామం ఇచ్చారు. మార్కులు తగ్గలేదు. పదో తరగతి గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారుకు అప్పగించే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు మెట్లెక్కితే ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలు అనకూడదు. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఆమె మింగుతోందో, జేబులో దాస్తోందో కనుక్కోవాలి. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే ఆడుకోవచ్చు. నొప్పి ఉంటే రెండు రోజులు ఆగవచ్చు. అది పిల్ల ఇష్టం.

డాబా, ఒక తాడు, పావుగంట. మొదలుపెట్టడానికి ఇవి చాలు. వీధిలో ఎవరేమంటారోనని భయముంటే నలుగురు పిల్లల్ని కలిపి షటిల్ ఆడనివ్వండి, పెద్దవాళ్లెవరైనా అరుగు మీద కూర్చోండి. ఈసారి బడిలో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు ర్యాంకుల కన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: పై తరగతుల అమ్మాయిలకు గేమ్స్ పీరియడ్ ఏ రోజు, ఆ రోజు వాళ్లు నిజంగా గ్రౌండులో ఉంటున్నారా?